చిలుకకు మన ఎంగిలి

జామపండును చిలుక కొట్టిందంటే దాని తీపికి వేరొక సాక్ష్యం అక్కరలేదని మనవారి నమ్మకం. ఎంగిలి అనగానే మొగం చిట్లించే పెద్దలు సైతం చిలుక ఎంగిలికి దోషం ఎంచరు. మరి మన ఎంగిలి చిలుకకు మేలా? ఈ ప్రశ్న వేసుకొనేవారు అరుదు.

పెదవుల నడుమ గింజ నుంచుకొని చిలుకకు అందించడం, తాము కొరికిన పండు దానికి పెట్టడం కొందరికి ముద్దు. 1884లో డెన్మార్కు దేశీయుడైన గ్రామ్ అనే వైద్యుడు రంగువేసి సూక్ష్మజీవులను వేరుపరచే పద్ధతి ఒకటి కనిపెట్టాడు. ఆ రంగును నిలుపుకొనేవి గ్రామ్ పాజిటివ్, నిలుపుకొననివి గ్రామ్ నెగటివ్. ఆరోగ్యంగా ఉన్న చిలుక శరీరంలో మొదటి తెగవే హెచ్చు. మనుష్యుల, కుక్కల, పిల్లుల నోళ్లలో రెండవ తెగవి కూడ విస్తారంగా ఉంటాయి. మనకు కీడు చేయని ఆ జీవులే చిలుకకు జబ్బు కలిగించవచ్చు.

అన్నిటికన్న భయంకరం పిల్లి నోరు. అందులో సాధారణంగా ఉండే పాశ్చురెల్లా మల్టోసిడా అనే సూక్ష్మజీవికి ఆ పేరు లూయీ పాశ్చర్‌ను బట్టి వచ్చింది. కోళ్లను పీడించే కలరాకు కారణమైన ఈ క్రిమినే 1880 ప్రాంతంలో ఆయన బలహీనపరచి, రోగనిరోధానికి వాడి చూపాడు. పిల్లికి ఏ బాధా కలిగించని ఆ క్రిమి పంటిగాటు ద్వారా పక్షి నెత్తుటిలో చేరితే ఒకటి రెండు రోజులలోనే ప్రాణం తీయగలదు. పిల్లి తన పాదాలను నాకుకొంటుంది గనుక గోటిగీత సైతం అపాయమే.

సూదిమొనంత గాయం ఈకల మాటున కనబడదు. కాబట్టి పిల్లి బారినుండి తప్పించిన చిలుకను, “దెబ్బ తగలలేదులే” అని ఊరకుండరాదు. ఆనాడే పశువైద్యునికి చూపాలి. పక్షి తన నీరసాన్ని శత్రువు కంటబడకుండ దాచుకొంటుంది. ఈకలు ఉబ్బించి మూల నొదిగి కూర్చున్ననాటికి జబ్బు ముదిరే ఉంటుంది.

మన రామచిలుకలను పంజరాలలో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టరీత్యా నేరం. పెరటిలో గాయపడి దొరికిన చిలుకకైనా, ఇంట పెంచుకొనే విదేశపు చిలుకకైనా నియమం ఒక్కటే: చేతులు కడుగుకొని ముట్టాలి, పండు విడిగా కోసి పెట్టాలి, పిల్లిని, కుక్కను దరిచేరనీయరాదు. చిలుకపై ప్రేమ ఉన్నవారు ఎంగిలి పట్టింపు కొంత పాటించవలసిందే.