నాలుగు చింతగింజలతో గణితం

మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలి, చిన్న లెక్కలు సొంతంగా చేయాలి. 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యం ఇదే. ఆ మరుసటి ఏడాది అదే లక్ష్యంతో తెలంగాణ ప్రభుత్వ బడుల్లోకి ‘తొలిమెట్టు’ కార్యక్రమం వచ్చింది. అప్పటి నుంచి టీచర్ల నోట తరచూ వినిపించే మాట ‘కృత్యం’. రంగు కాగితాలు కత్తిరించి అతికించినంత మాత్రాన అది కృత్యం కాదు. ప్రతి బిడ్డ చెయ్యీ కదలాలి, నోరూ విప్పాలి, బుర్రకూ పని పడాలి.

కామారెడ్డి జిల్లా బాన్సువాడ ప్రాంతంలో ఇందుకు కావలసిన సరంజామా ఇళ్లలోనే ఉంది. అష్టాచెమ్మ సంగతే చూడండి. చింతగింజను బండమీద ఒకవైపు అరగదీస్తే తెల్లటి పప్పు కనిపిస్తుంది. గవ్వలు లేనివాళ్లు అలాంటి నాలుగు గింజలతో ఆడతారు. ఎన్ని తెల్లగా పడితే అంత పందెం. నాలుగూ తెల్లగా పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ నల్లగా పడితే అష్ట, అంటే ఎనిమిది.

ఒకటో తరగతి పిల్లలకు పూర్తి ఆట అక్కర్లేదు. నేలమీద సుద్దముక్కతో పది గడులు గీస్తే చాలు. గింజలు వేసి, పడినన్ని గడులు కాయను జరపాలి. మధ్యలో టీచర్ అడగాలి: “మూడు తెల్లగా పడ్డాయి కదా, నల్లవి ఎన్ని?” మూడూ ఒకటీ కలిస్తే నాలుగని బిడ్డ కళ్లారా చూస్తుంది. తర్వాత పలకమీద చుక్కలు పెట్టించి, చివరికి అంకె రాయించాలి. వస్తువు, బొమ్మ, అంకె: ఈ వరస తప్పితే అంకె వట్టి గీతగా మిగిలిపోతుంది.

ముప్పైమంది పిల్లలకు ఒకే గడుల వరస గీస్తే ఇద్దరు ఆడతారు, మిగిలినవాళ్లు చూస్తూ కూర్చుంటారు. అందుకే నలుగురికో జట్టు, జట్టుకో గడుల వరస ఉండాలి. ఒకే టీచర్ రెండు మూడు తరగతులు చూసుకునే బడుల్లోనూ ఇది సాగుతుంది. చిన్నవాళ్లు గడులు లెక్కిస్తుంటే, మూడో తరగతివాళ్లు పది పందేల మొత్తం కూడతారు. అంగన్‌వాడీ పిల్లలకు మాత్రం గింజలు ఇవ్వొద్దు, నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు. వాళ్లకు పెద్ద గులకరాళ్లు మేలు.

భాష సంగతీ మరవకూడదు. ఈ జిల్లా మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులో ఉంది. బిడ్డ ఇంటిభాష తెలుగు కావచ్చు, లంబాడీ, ఉర్దూ, మరాఠీ కూడా కావచ్చు. బతుకమ్మ రోజుల్లో తంగేడు, గునుగు, బంతి పూలు తెప్పించి, ఇంట్లో వాటిని ఏమంటారో ముందు పిల్లలనే చెప్పనివ్వాలి. ఆ పేర్లన్నీ బోర్డుమీద రాసి, పక్కన తెలుగు పేరు చేర్చాలి. తంగేడు, గునుగు, తంగేడు, గునుగు అని పేర్చి “తర్వాత ఏ పువ్వు?” అని అడిగితే, వరుసక్రమం పట్టుకోవడం అలవడుతుంది. గణితానికి అది పునాది.

ఆటతో చదువు చెప్పడం కొత్తేమీ కాదు. 1920లో గుజరాత్‌లోని భావనగర్‌లో బాలమందిర్ తెరిచిన గిజుభాయి బధేకా ఆటనూ కథనూ చదువులో భాగం చేశారు. అయినా “బడికి పంపితే ఆడిస్తున్నారేంటి సార్?” అని అడిగే తల్లిదండ్రులు నేటికీ ఉన్నారు. వాళ్లను ఒకరోజు తరగతికి పిలిచి, పిల్లల పక్కన కూర్చోబెట్టాలి. “నీకెట్లా తెలిసింది?” అన్న ప్రశ్నకు తమ బిడ్డ తడుముకోకుండా కారణం చెబుతుంటే, జరుగుతున్నది చదువేనని వాళ్లే ఒప్పుకుంటారు.