వాచిన ప్రతి కాలూ బోదకాలు కాదు

గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగినవారికి వాచిన కాలు కొత్త కాదు. కాలువ గట్టు మీద, బస్టాండులో, సంతలో బోదకాలుతో నడిచే పెద్దవాళ్ళను మనం చిన్నప్పటినుంచీ చూస్తున్నాం. అందుకే ఎవరి కాలు లావెక్కినా "బోద పట్టింది" అనేస్తారు. ఈ మాట వల్ల కొందరికి చాలా కష్టం కలుగుతోంది. గర్భసంచి కేన్సర్‌కు, గర్భసంచి ముఖద్వారం కేన్సర్‌కు వైద్యం చేయించుకుంటున్న అక్కచెల్లెళ్ళు కాలు వాచగానే సిగ్గుపడి చీర కుచ్చెళ్ళ కింద దాచుకుంటున్నారు. ఆదివారం ఆరాధనకు రావడం మానేస్తున్నారు. డాక్టరుకు చూపించేసరికి చర్మం గట్టిపడిపోతోంది.

ఈ వాపును లింఫెడీమా అంటారు. డెల్టాలో ఉన్నవారికి దీన్ని అర్థం చేసుకోవడం తేలిక. పంట కాలువ చేలోకి నీరు తెస్తుంది, మురుగు కాలువ మిగులు నీటిని తీసుకుపోతుంది. మురుగు కాలువలో గుర్రపుడెక్క పట్టేస్తే చేను మునుగుతుంది. మన ఒంట్లో రక్తనాళాలు పంట కాలువలైతే లింఫ్ నాళాలు మురుగు కాలువలు. గజ్జల్లో, పొత్తికడుపులో ఉండే లింఫ్ గ్రంథులను ఆపరేషన్‌లో తీసేసినా, రేడియేషన్ వల్ల (మనవాళ్ళు కరెంటు పెట్టడం అంటారు) అవి దెబ్బతిన్నా, కాలిలోని నీరు పైకి వెళ్ళే దారి తగ్గిపోతుంది. వైద్యం జరుగుతుండగానే వాపు రావచ్చు, కొన్ని నెలలకు, ఏళ్ళకు కూడా రావచ్చు.

బోదకాలులో అదే దారిని క్యూలెక్స్ దోమ ద్వారా వచ్చే పురుగు పాడుచేస్తుంది. రాజమండ్రిలో ఫైలేరియా కోసం ప్రత్యేకంగా కేంద్ర ప్రభుత్వ సంస్థ శాఖ ఉందంటే ఈ జబ్బు మన ప్రాంతాన్ని ఎంత పీడించిందో తెలుస్తుంది. 2004 నుంచి ఊరూరా మింగించిన డీఈసీ మాత్రలు ఆ పురుగు కోసమే. కేన్సర్ వైద్యం వల్ల వచ్చిన వాపుకు అవి పనిచేయవు. షాపులో అడిగి కొనుక్కోకండి. ఒంట్లో నీరు తీసే మాత్రలు కూడా ఈ వాపును తగ్గించవు, డాక్టరు వేరే కారణానికి రాస్తే తప్ప వాడకండి. ఈ వాపు ఒకరినుంచి ఒకరికి అంటుకోదు. పక్కన కూర్చోవడానికి, ఒకే మంచం మీద పడుకోవడానికి భయం అక్కర్లేదు.

ముందు మాత్రం డాక్టరు ఒకసారి చూడాలి. గుండె, మూత్రపిండాల జబ్బు, రక్తంలో ప్రోటీన్ తగ్గడం, కొన్ని కీమో మందులు, స్టెరాయిడ్లు కూడా కాళ్ళు వాచేలా చేస్తాయి. ఒక్కోసారి జబ్బు తిరగబెట్టినా వాపు వస్తుంది.

రోజూ ఇంట్లో చేయవలసినవి

అన్నిటికంటే ముఖ్యం చర్మం. రోజూ గోరువెచ్చని నీళ్ళతో, ఘాటు లేని సబ్బుతో కాలు కడగాలి. వేళ్ళ సందులు మెత్తని గుడ్డతో పూర్తిగా ఆరేలా అద్దాలి. అక్కడ తెల్లగా నాని దురద పెడుతుంటే చూపించి మందు రాయించుకోండి, ఆ చిన్న పగులులోంచే సూక్ష్మక్రిములు లోపలికి పోతాయి. పాదానికి, పిక్కకు కొబ్బరినూనె పలచగా రాయవచ్చు, వేళ్ళ సందుల్లో వద్దు. కరెంటు పెట్టిన చోట డాక్టరు చెప్పింది తప్ప ఏదీ రాయకండి. ఆపరేషన్ అయిన మనిషి వంగి తన పాదం తానే తుడుచుకోలేదు. ప్రభువు శిష్యుల పాదాలు కడిగి తువాలుతో తుడిచిన సంగతి మనకు తెలుసు గదా, ఇంట్లో భర్తగాని, కొడుకుగాని, కోడలుగాని ఈ పని చేయవచ్చు.

చెప్పుల్లేకుండా బయటికి పోవద్దు. వరిచేలో బురదలో దిగవద్దు. దోమతెర కట్టుకోండి. వాచిన కాలికి ఇంజక్షన్, సెలైన్ పెట్టనివ్వకండి. పసరు కట్లు, వాతలు, వేడి కాపడాలు, గట్టిగా పిసికే మాలీషు అసలే వద్దు.

పడుకునే మంచానికి కాళ్ళవైపు రెండు కోళ్ళ కింద ఒక్కో ఇటుక పెట్టండి. దిండ్లు రాత్రి జారిపోతాయి, ఇటుక జారదు. ఆయాసం, గుండెజబ్బు ఉన్నవారు మాత్రం అడిగి చేయాలి. పగలు కాళ్ళు వేలాడేసి ఎక్కువసేపు కూర్చోకండి. విశాఖలోని హోమీ భాభా ఆసుపత్రికో, హైదరాబాద్ ఎం.ఎన్.జె.కో బస్సులో పోయేవారు ఆగినచోటల్లా దిగి నాలుగడుగులు వేయండి. సీట్లో కూర్చునే పాదాన్ని పైకి, కిందికి ఆడించండి. ఇంట్లో ఇదే వ్యాయామం పదిసార్ల చొప్పున రోజుకు మూడుసార్లు చేసి, నెమ్మదిగా నడవండి. కీమో అయిన వారం నీరసంగా ఉంటే తగ్గించుకోండి, పూర్తిగా మానవద్దు. లంగా బొందు గట్టిగా కట్టకండి, పట్టీలు బిగుతైతే తీసేయండి.

బిగుతు మేజోళ్ళు మంచి సాయమే, కాని కాలి కొలత తీసి డాక్టరు సలహాతో కొనాలి. పొద్దున్న లేవగానే వాపు తక్కువగా ఉన్నప్పుడు తొడగాలి, సాధారణంగా రాత్రి తీసేయాలి. మామూలు క్రేప్ బ్యాండేజీ బిగించి కడితే మేలు కంటే కీడు ఎక్కువ. వేళ్ళు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా వెంటనే తీసేయండి.

పథ్యం సంగతి ఒకటి. చేపలు, గుడ్లు, పప్పు మానిపిస్తే వాపు తగ్గదు, మనిషి క్షీణిస్తుంది. ఉప్పు, పచ్చళ్ళు తగ్గించుకోవచ్చు. కీమో రోజుల్లో నీళ్ళు మాత్రం మానకండి.

వారానికోసారి, పొద్దున్నే, టైలరు టేపుతో చీలమండ దగ్గర, మోకాలి కింద, తొడ మధ్య కొలిచి పుస్తకంలో రాయండి. రెండు కాళ్ళూ కొలవాలి.

ఆగకుండా రావలసిన సమయం

కాలు ఎర్రగా, వేడిగా మారి చలిజ్వరం వస్తే తెల్లవారేదాకా చూడవద్దు. బిళ్ళ కట్టిన జ్వరంలే అని మాత్ర వేసి పడుకోబెట్టడం మనవైపు అలవాటు. కీమో తీసుకుంటున్నవారికి తెల్ల రక్తకణాలు తక్కువగా ఉంటాయి, 100.4 డిగ్రీల జ్వరం కూడా ప్రాణం మీదకు తేవచ్చు. పిక్కలో నొప్పితో ఒక కాలు ఒక్కసారిగా వాచిందంటే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, అలాంటప్పుడు కాలు నలపకండి. ఆయాసం, గుండెలో నొప్పి కూడా ఉంటే 108కు ఫోన్ చేయండి.

ఆసుపత్రికి వచ్చేటప్పుడు కొలతల పుస్తకం, ఆపరేషన్ కాగితాలు, రేడియేషన్ ఫైలు తెచ్చుకోండి. చర్చిలో చాప మీద కాళ్ళు మడుచుకుని కూర్చోలేని అక్కకు ఒక కుర్చీ, కాలు పెట్టుకోవడానికి ఒక చిన్న బల్ల వేయమని సంఘపెద్దలతో చెప్పండి.