కదలెడు నెట్‌వర్కులలో వార్తాప్రసరణ మర్యాదలు

సెల్‌ఫోనులో పలికిన మాట సాధారణముగా సమీపమునందలి టవరును చేరి, అటనుండి దూరప్రదేశములకు పోవును. తుపానునకు టవర్లు కూలిన దినములలోను, టవర్లే లేని అరణ్యములలోను ఈ పద్ధతి సాగదు. అట్టి తరుణమున ప్రతి యంత్రమును తన వార్తతోపాటు పొరుగు యంత్రముల వార్తలను సైతము అందుకొని ముందునకు సాగనంపవలెను. ఇట్లు స్థిరమైన కేంద్రము లేక, కదలెడు యంత్రములు తమలో తాము కల్పించుకొను కూటమికి అడ్‌హాక్ నెట్‌వర్కు అని పేరు. అవి పాటించు మర్యాదలే ప్రోటోకాలులు. అమెరికా రక్షణశాఖ 1970 దశకమున జరిపించిన ప్యాకెట్ రేడియో ప్రయోగములు వీనికి నాంది.

ఇందలి చిక్కు చలనమే. ఇప్పుడున్న దారి మరుక్షణమున ఉండకపోవచ్చును. దీనికి పరిశోధకులు చూపిన మార్గములలో ముఖ్యమైనవి మూడు. మొదటిది, ప్రతి యంత్రమును దారుల పట్టికను ముందుగనే సిద్ధపరచుకొనుట. 2003లో ప్రకటితమైన ఓ.ఎల్.ఎస్.ఆర్. ఈ కోవకు చెందినది. ఇందు వార్త వెంటనే బయలుదేరును. కాని పట్టికను ఎడతెగక సరిదిద్దుటకు బ్యాటరీశక్తి వ్యయమగును. రెండవది, అవసరమైనప్పుడే దారిని వెదకుట. అదే యేట ప్రకటితమైన ఏ.ఓ.డి.వి. ఇట్టిది. గమ్యమెచ్చటనను ప్రశ్న పొరుగునుండి పొరుగునకు వ్యాపించును. జవాబు తిరిగివచ్చిన త్రోవయే వార్తకు దారియగును. ఇందు పొదుపు కలదు, జాగు తప్పదు.

ఈ రెండును ఒక విశ్వాసముపై నిలిచియున్నవి: ఆ క్షణమున ఈ కొననుండి ఆ కొనవరకు ఏదో యొక దారి కలదని. అదియే లేనప్పుడు మూడవ మార్గమే శరణ్యము. వార్తను భద్రపరచి, మోసికొనిపోయి, అవకాశము దొరికినచోట అందించుటయే అది.

ఈ సూత్రమునకు కర్ణాటకమున చక్కని నిదర్శనము కలదు. 2000 దశకారంభమున దొడ్డబళ్ళాపుర తాలూకాలో డాక్‌నెట్ అను ప్రయోగము జరిగెను. ఒక బస్సులో రేడియో పరికరము నమర్చిరి. బస్సు పల్లె దాపునకు రాగానే అచ్చటి భూమిపత్రముల అర్జీలు తీగ లేకయే దానిలోనికి చేరెడివి. తాలూకా కేంద్రమున దిగెడివి. జవాబులు మరల బస్సులోనే వచ్చెడివి. పల్లెకును పట్టణమునకును నడుమ ఏ క్షణమునను పూర్తి దారి లేకున్నను వార్త ఆగలేదు.

కావున ఏ మర్యాదయు అన్నిచోట్ల ఉత్తమము కాదు. రైతునకు పత్రము సాయంకాలమున చేరినను చేటు లేదు, చేరకున్ననే చేటు. శిథిలముల క్రింద చిక్కినవాని పిలుపునకు జాగే ప్రాణాంతకము. దారి యెంత తరచుగా తెగునో, వార్త యెంత కాలము వేచియుండగలదో, ఈ రెంటిని తూచి మర్యాదను ఎన్నుకొనవలెను.