చుక్క తర్వాత దేశం

ఇంటర్నెట్ చిరునామాల్లో చుక్క తర్వాత వచ్చే దేశం పేరు చాలా దేశాలకు ఒక్కటే. శ్రీలంకలాంటి కొన్ని సొంత లిపుల్లో ఒకటి రెండు అదనంగా తెచ్చుకున్నాయి. మనకు మాత్రం డాట్ ఇన్ కాక, మన లిపుల్లోనే 15 ఉన్నాయి. ప్రపంచంలో ఇంకెవరికీ ఇన్ని లేవు. డాట్ ఇన్ 1989లోనే మన వాటాకు వచ్చింది కానీ, 2005 జనవరిలో తలుపులు బార్లా తెరిచాక గాని మామూలు జనానికి అందలేదు. తెలుగుకు దక్కింది డాట్ భారత్. కంప్యూటరుకు తెలుగు రాదు కాబట్టి లోలోపల దాన్ని ఎక్స్‌ఎన్, రెండు అడ్డగీతలు, ఎఫ్‌పీసీఆర్‌జే9సీ3డీ అని చదువుకుంటుంది. పిలిచే పేరొకటి, రేషన్ కార్డులో పేరొకటి అన్నట్టు.

ఈ 15లో కన్నడానిదీ ఒకటుంది. మనది భారత్, వాళ్లది పొల్లు లేని భారత. ఇక్కడే ఒక చిక్కు. హిందూపురం బస్టాండులో గౌరిబిదనూరు బస్సు కన్నడ బోర్డు చదివిన వాళ్లకు అది వేరే చెప్పనక్కర్లేదు. అ, ఆ, జ, బ, సున్న రెండు లిపుల్లోనూ దాదాపు ఒకేలా ఉంటాయి. బ్యాంకు పేరును తెలుగు అక్షరాల్లో ఒకరు, అచ్చం అలాగే కనబడే కన్నడ అక్షరాల్లో ఇంకొకరు తీసుకుంటే ఖాతాదారుడి గతేమిటి? అందుకే చుక్క తర్వాతి పేర్లకు నియమాలు రాసిన పండితులు తెలుగు, కన్నడ జంట అక్షరాల పట్టికే తయారుచేశారు. ఒక లిపిలో పేరు ఒకరికిస్తే, దాని కవలను రెండో లిపిలో వేరొకరికి ఇవ్వరు. సరిహద్దు ఊళ్లో రోజూ కళ్లబడే సంగతి ప్రపంచ నియమావళిలోకి ఎక్కడం ముచ్చటే. ఈ పేర్లన్నిటికీ పెద్ద దిక్కు ఐకాన్ అనే సంస్థ. 2016 నవంబరులో దాని సభ హైదరాబాదులో జరిగింది. నిజానికి జరగాల్సింది ప్యూర్టోరికోలో. అక్కడ జికా వైరస్ వ్యాపించడంతో మనకు దక్కింది. దోమ చలవే!

పేరును అమ్ముకుని బతకడంలో రికార్డు చిన్న దీవులది. కరీబియన్‌లోని అంగ్విలా జనాభా పెనుకొండ పట్టణానికి సరిరాదు. దాని వాటాకు వచ్చిన రెండక్షరాలు ఏఐ. కృత్రిమ మేధ కంపెనీలన్నీ ఎగబడ్డాయి. 2023లో వచ్చిన సొమ్ము 3 కోట్ల డాలర్ల పైమాటే. అక్కడి సర్కారు రాబడిలో అది అయిదో వంతు. విజయనగర రాజులు 1565 తర్వాత రాజధానిగా చేసుకున్న పెనుకొండకేమో జిల్లా కేంద్రం హోదా కూడా లేదు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా వచ్చింది, కేంద్రం పుట్టపర్తికి పోయింది, వెబ్ చిరునామా శ్రీ సత్యసాయి పేరిట వెలిసింది. కేంద్రం తనకే కావాలని హిందూపురమూ అడిగింది. ఎమ్మెల్యే బాలకృష్ణ అదే ఏడాది ఫిబ్రవరిలో మౌనదీక్ష కూడా చేశారు.

దేశాల పేర్లను ఇల్లు మారినట్టు మార్చిన ఘనత పైరేట్ బేది. సినిమాలూ పాటలూ ఉచితంగా పంచే ఈ స్వీడన్ సైటును కోర్టులు తరుముతుంటే, 2013 ఒక్క ఏడాదిలోనే గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్, సింట్ మార్టెన్, అసెన్షన్, పెరు, గయానా పేర్లు మార్చి, తిరిగి స్వీడన్ గూటికే చేరింది. మన సినిమా పైరసీ సైట్లు నేర్చుకున్నదీ ఈ విద్యే. 2004 ప్రాంతంలో ఇంటర్నెట్ రద్దీలో మూడో వంతు, ఇలా ఫైళ్లు పంచుకునే బిట్‌టొరెంట్ పద్ధతిదేనని ఒక అంచనా. 2011 నాటికి ఉత్తర అమెరికాలో నెట్‌ఫ్లిక్స్ దాన్ని దాటేసింది. అడిగిన ధరకు, అడిగిన వెంటనే దొరికితే దొంగ సరుకు వెతుక్కునే ఓపిక జనానికి ఉండదని నా అనుమానం.

అయితే మనకు అంతకన్నా పెద్ద వింత ఉంది. ‘అత్తారింటికి దారేది’ విడుదలకు 5 రోజుల ముందే, 2013 సెప్టెంబరు 22న, గంటన్నర సినిమా నెట్‌లోకి వచ్చేసింది. కూపీ లాగితే కృష్ణా జిల్లా పెడనలో సీడీల దగ్గర తేలింది. అక్టోబరుకు అనుకున్న విడుదలను హడావుడిగా సెప్టెంబరు 27కు జరిపారు. సగం సినిమా చూసేసిన జనమే మళ్లీ హాళ్లు నింపారు. బొమ్మ బ్రహ్మాండంగా ఆడింది.

కాపీ గోడు ధర్మవరం మగ్గాలకు ఇంకా పాతది. మగ్గానికి తగిలించే జాకార్డ్ అట్టకు చిల్లు ఉన్నచోట కొక్కెం దారాన్ని లేపుతుంది, లేనిచోట లేపదు. అలా వరసగా కుట్టిన అట్టల దండే ఒక డిజైను. ఆ దండ నకలు చేస్తే చీర అంచు నకలైనట్టే. ఇప్పుడు అట్టలతో పని లేదు, ఫోన్లో ఒక ఫోటో చాలు. మరమగ్గం మీద అదే అంచు దిగుతుంది.

ఇక మాట సంగతి. నెట్‌లో రాసినందుకు జైల్లో పెట్టే ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది. ధర్మాసనంలో ఒకరు కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్, తీర్పు రాసింది జస్టిస్ నారిమన్. చచ్చిన ఆ సెక్షన్ కిందే పోలీసులు ఇంకా కేసులు రాస్తున్నారని తెలిసి 2021లో కోర్టే విస్తుపోయింది. సెక్షన్ లేకపోతేనేం, తీగే కోసేస్తే సరి. 2022 మే 24న కోనసీమ జిల్లా పేరు మార్పు మీద అమలాపురం భగ్గుమంది. ఇళ్లు తగలబడ్డాయి, ఆ వెంటనే నెట్ ఆగింది. ఇంటినుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలు రెండు వారాల దాకా ల్యాప్‌టాప్ సంచీలతో సిగ్నల్ వెతుక్కుంటూ ఊళ్లు దాటారు. యాక్సెస్ నౌ సంస్థ లెక్క ప్రకారం నెట్ ఆపడంలో 2018 నుంచి ఆరేళ్లు వరసగా ప్రపంచంలో మనదే మొదటి స్థానం. 2024లో మయన్మార్ 85 సార్లు ఆపింది, మనం 84. ప్రజాస్వామ్య దేశాల వరకే చూస్తే ఆ ఏడాదీ మొదట ఉన్నది మనమే.