సీటు క్రింది పసుపు తీగ
(ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక దీపాన్ని గూర్చి)

నేటి మోటారు కారు ఇంజను, చక్రాలు కలిగిన బండి మాత్రమే కాదు. దానిలో చిన్న చిన్న గణనయంత్రాలు అనేకం అహర్నిశలు పనిచేస్తూ ఉంటవి. వాటికి ఏదైనా లోపం కనిపించినప్పుడు డ్రైవరు ఎదుట ఉన్న పలకపై ఒక దీపాన్ని వెలిగించుట తప్ప, మనతో చెప్పుకొనుటకు వేరొక మార్గం లేదు. ఇంజను దీపం వెలిగినచో మనవారు కంగారుపడి మెకానిక్కు వద్దకు పరుగెత్తుతారు. కాని కూర్చున్న మనిషి ఎదుట ఒక బంతి ఉన్నట్లు కనిపించే మరొక దీపం నెలల తరబడి వెలుగుచున్నను పట్టించుకొనువారు అరుదు. బండి నడుచుచున్నది గదా అని వారి సమాధానం. ఆ దీపం వెలుగుచున్నంత కాలం బండి నడుచును గాని, ప్రమాదం సంభవించినప్పుడు గాలి సంచి విచ్చుకొనక పోవచ్చును. ఈ సంగతిని విద్యార్థి మిత్రులకు వివరించుటకే ఈ వ్యాసం వ్రాయుచున్నాము.

ఈ సంచి పుట్టుక కథ ఆసక్తికరమైనది. 1952లో అమెరికాలో జాన్ హెట్రిక్ అనే ఇంజనీరు భార్యతోను, చిన్న కుమార్తెతోను కారులో వెళ్లుచు, దారిలో పడియున్న రాతిబండను తప్పించబోయి కారును ప్రక్క గుంటలోనికి త్రిప్పినాడు. ఆ క్షణంలో దంపతులిద్దరూ బిడ్డకు దెబ్బ తగలకుండ చేతులు అడ్డము పెట్టినారు. ఆ చేతుల పని ఒక సంచి చేయరాదా అన్న ఆలోచనతో ఆయన 1953లో పేటెంటు పొందినాడు. అది వాడుకలోనికి వచ్చుటకు చాలకాలం పట్టినది. మన దేశంలో 2019 జూలై 1 నుండి కొత్త కార్లలో డ్రైవరు ముందు సంచి తప్పనిసరి అయినది. ప్రక్కసీటు వారికి కూడ 2021లో ఆ నిబంధన వర్తించినది. ఇటీవల ఆరు సంచులు గల కార్లు సామాన్య కుటుంబాల వాకిళ్లకు కూడ వచ్చినవి.

దారికి అడ్డంగా ఉన్నదానిని తప్పించబోవుట మన ప్రాంతం వారికి కొత్త విషయం కాదు. పంటకాలంలో ధాన్యం, మొక్కజొన్న ఆరబోయుటకు తారు రోడ్డు కన్న మంచి కళ్లం లేదని రైతులు భావించుట అందరూ ఎరిగినదే. ఆళ్లగడ్డ నుండి పలుమార్లు శాసనసభకు ఎన్నికైన భూమా శోభా నాగిరెడ్డి గారు 2014 ఏప్రిల్ 23వ తేదీ రాత్రి నంద్యాల నుండి వచ్చుచుండగా, రోడ్డుపై ఉన్న ధాన్యపు కుప్పను తప్పించబోయి వాహనం బోల్తాపడినదని, ఆమె బయటకు విసరివేయబడినారని ఆనాటి పత్రికలు వ్రాసినవి. మరునాడు హైదరాబాదులో ఆమె కన్నుమూసినారు. మనిషిని సీటులో నిలిపి ఉంచునది ప్రధానంగా బెల్టు. సంచి దానికి తోడు మాత్రమే. అయితే ఆధునిక కార్లలో బెల్టును ఒక్కసారిగా బిగించే పరికరం, గాలి సంచి ఒకే నియంత్రణ పెట్టె ఆజ్ఞకు లోబడి ఉంటవి. దీపం వెలిగినదనగా ఈ రెండింటిలో దేనికైనా లోపం ఉండవచ్చును.

తాళం త్రిప్పగానే ఆ పెట్టె తన తీగలన్నిటినీ పరీక్షించుకొనును. దీపం కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోయినచో అంతా సవ్యంగా ఉన్నదని అర్థం. ప్రతి సంచిలోను ఒక చిన్న నిప్పురవ్వ సాధనం కలదు. దాని విద్యున్నిరోధం సాధారణంగా రెండు, మూడు ఓములు మాత్రమే. ఎక్కడో ఒక అతుకు వదులైనను, తుప్పు పట్టినను ఆ నిరోధం కొద్దిగా పెరుగును. మన దీపానికి, పంకాకు అది లెక్కలోనిది కాదు. కాని ఈ పెట్టె దానిని సహింపదు. లోపాన్ని ఒక సంకేతంగా తన జ్ఞాపకంలో వ్రాసికొని దీపం వెలిగించును.

ఇక సీటు సంగతి. ప్రక్క నుండి వచ్చే దెబ్బకు తలుపునకు, మనిషికి నడుమ ఉండేది జానెడు చోటు మాత్రమే. అందువలన ప్రక్క సంచి ముందు సంచి కన్న త్వరగా, సెకనులో వందవ వంతు, రెండు వంతుల కాలంలోనే పని మొదలుపెట్టవలెను. దానిని సీటు వీపు అంచులో అమర్చుటకు కారణం అదే. దాని తీగలు సీటు అడుగున, సాధారణంగా పసుపు రంగు కనెక్టరు ద్వారా, నేలలోని తీగలతో కలియును. లోపాలకు పుట్టినిల్లు ఆ చోటే. సీటు ముందుకు వెనుకకు జరిగినప్పుడల్లా తీగ లాగబడును. సీటు క్రింద నీళ్ల సీసాలు, జాకీ, ఎరువుల సంచులు, గొడుగు కుక్కుట మనవారికి అలవాటు. కాలువ ఒడ్డున కారును లోపల కూడ నీళ్లు చల్లి కడుగుట మరొకటి. ఆ తడి తివాచీ క్రింద రోజుల తరబడి నిలిచి కనెక్టరును పాడుచేయును. గడ్డివాముల ప్రక్క నిలిపిన కార్లలో ఎలుకల సంగతి చెప్పనే అక్కరలేదు.

కనుక దీపం వెలిగినప్పుడు మొదట మనలను మనమే ప్రశ్నించుకొనవలెను. ఈమధ్య సీటు విప్పినారా? తొడుగు వేయించినారా? లోపల కడిగినారా? బ్యాటరీ బలహీనంగా ఉన్నదా? హారను కూడ మ్రోగుట లేదనినచో సీటును వదలి, స్టీరింగు లోపలి చుట్ట తీగను అనుమానించవలెను. తరువాత స్కానరుతో సంకేతాన్ని చదివించవలెను. చవక స్కానర్లు కొన్ని ఇంజను సంకేతాలు మాత్రమే చదువును. ఎయిర్‌బ్యాగ్ పెట్టెతో మాటలాడగలది కావలెను. ఏ ప్రక్క సీటు, సంచియా, బెల్టా, బకిల్ స్విచ్చా అన్నది అది చెప్పును. సంకేతం చదువకుండ సంచినో పెట్టెనో మార్చుట డబ్బును కుందూ నదిలో వేయుట వంటిది.

తాకుటకు ముందు పాటించవలసిన విధి ఒకటి కలదు. తాళం తీసి, బ్యాటరీ ఋణ తీగను విప్పి, కారు పుస్తకంలో చెప్పినన్ని నిమిషాలు వేచియుండవలెను. బ్యాటరీ తెగిపోయినను సంచిని పేల్చుటకు చాలిన విద్యుత్తు పెట్టెలో కొంతసేపు నిలువ ఉండును. ఆ తరువాతనే కనెక్టరును విప్పి, పిన్నులు వంగినవా, పచ్చని తుప్పు ఉన్నదా అని చూచి, విద్యుత్ అతుకులు శుభ్రపరచే ద్రవంతో తుడిచి, గట్టిగా బిగించి, సీటు జరిగినను లాగబడని విధంగా తీగను కట్టవలెను. చాల సందర్భాలలో ఇంతటితో పని తీరును. సంకేతాన్ని స్కానరుతో చెరిపిన పిమ్మట దీపం మరల రాకున్నచో మరమ్మతు నిజమైనదే.

సంచిని మామూలు మల్టీమీటరుతో కొలువరాదు. కొలుచుటకు అది పంపే కొద్దిపాటి విద్యుత్తు కూడ సంచిని పేల్చగలదు. విద్యుత్ పాఠం చదివిన ఉత్సాహవంతులైన విద్యార్థులకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పుచున్నాము. తెలిసిన పనివారు సంచికి బదులుగా అంతే నిరోధం గల పరీక్షా సాధనాన్ని తగిలించి చూతురు. అప్పుడు లోపం తొలగినచో సంచిది, తొలగనిచో తీగది. ఎలుక కొరికిన తీగను మెలివేసి టేపు చుట్టుట ఇక్కడ పనికిరాదు. తయారీదారు చెప్పిన పద్ధతిని అనుసరించవలెను, లేదా తీగల కట్టనే మార్చవలెను.

ఆ పరీక్షా సాధనమే మోసగాండ్ర చేతిలో మరొక విధంగా ఉపయోగపడును. పాత కార్లు అమ్మువారిలో కొందరు పేలిపోయిన సంచికి బదులు కొద్ది పైసల రెసిస్టరును శాశ్వతంగా తగిలించి దీపాన్ని ఆర్పివేయుదురు. మరికొందరు బల్బునే తీసివేయుదురు. మొదటిది కంటికి తెలియదు. ప్రమాద చరిత్ర విచారించి, ప్యానెళ్ల అతుకులు పరిశీలించి, నమ్మకమైన వారితో విప్పించి చూడవలెను. రెండవదానిని ఎవరైనను పట్టుకొనగలరు: తాళం త్రిప్పినప్పుడు ఆ దీపం అసలు వెలుగనే వెలుగదు. బెల్టు పెట్టుకొనకయే గంటను ఆపుటకు బకిల్‌లో గ్రుచ్చే బిళ్లలు కూడ ఈ కోవలోనివే. వాటి అమ్మకాన్ని ఆపవలెనని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023లో ఐదు ఆన్‌లైన్ వ్యాపార సంస్థలను ఆదేశించినది. సీటు తొడుగుల విషయంలోను జాగ్రత్త కావలెను. సంచి చీల్చుకొని వచ్చే అంచును మందపు రెక్సినుతో కుట్టివేసినచో, దీపం ఆరియున్నను సంచి సరిగా విచ్చుకొనలేదు. ఈ లోపాన్ని ఏ పెట్టెయు కనిపెట్టలేదు.

కళాశాల కమిటీ వారికి ఒక మనవి. విహారయాత్రలకు అహోబిలమో, మహానందియో పోవుటకు బాడుగ కార్లు మాట్లాడునప్పుడు ధరతో పాటు ఒక చిన్న పరీక్ష కూడ జరిపించవలెనని కోరుచున్నాము. పిల్లలు ఎక్కక మునుపు డ్రైవరును తాళం ఒకసారి త్రిప్పమని, ఆ దీపం వెలిగి, పిదప ఆరుటను మాస్టరు గారు స్వయంగా చూడవలెను. అర నిమిషం పని. వెలుగకున్నను, వెలిగి ఆరకున్నను వేరొక బండిని పిలిపించవలెను.