నాడి చూడాలా, శ్వాస చూడాలా: క్లోరోఫాంపై డాక్టర్ లారీ హైదరాబాద్ వాదం

శస్త్రచికిత్స వేళ మత్తు ఇచ్చే వైద్యుడు ముందుగా కనిపెట్టవలసినది రోగి నాడినా, శ్వాసనా? పంతొమ్మిదో శతాబ్దపు వైద్యలోకాన్ని రెండు వర్గాలుగా చీల్చిన ఈ ప్రశ్నకు సమాధానం కోసం లండన్ సైతం ఒక దశలో హైదరాబాద్ వైపు చూసింది. అందుకు కారకుడు హైదరాబాద్ వైద్య పాఠశాల ప్రిన్సిపాల్, రెసిడెన్సీ సర్జన్ డాక్టర్ ఎడ్వర్డ్ లారీ.

1847లో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫాంను వాడుకలోకి తెచ్చారు. మరుసటి ఏడాది జనవరిలోనే ఇంగ్లండ్‌లో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల బాలిక, కాలి గోరు తొలగించే స్వల్ప చికిత్సలో ప్రాణాలు కోల్పోయింది. ఈ మందు గుండెనే ఆపివేయగలదని లండన్ వైద్యుడు జాన్ స్నో భావించారు. ఎడిన్‌బరో శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ మాత్రం శ్వాసను గమనిస్తే చాలునని బోధించారు. సైమ్ శిష్యుడైన లారీ ఆ పాఠాన్నే హైదరాబాద్ విద్యార్థులకు నేర్పారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో వేలాది మందికి క్లోరోఫాం ఇచ్చినా ఒక్క మరణమూ సంభవించలేదని ఆయన చెప్పుకొనేవారు.

1888లో ఆయన నియమించిన సంఘం కుక్కలపై ప్రయోగాలు జరిపి, గుండె కంటే ముందు శ్వాసే ఆగుతుందని తేల్చింది. లాన్సెట్ పత్రిక సందేహం వెలిబుచ్చింది. దాంతో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం 1,000 పౌండ్లు సమకూర్చి, నిపుణుడిని పంపవలసిందిగా ఆ పత్రికనే కోరింది. వాదంలో ప్రత్యర్థినే సాక్షిగా పిలవడం సాహసమే. లండన్‌లో ఔషధశాస్త్ర అధ్యాపకుడైన లాడర్ బ్రంటన్ 1889లో వచ్చారు. క్లోరోఫాం వల్ల గుండెకు ముప్పు ఉందని నమ్మి వచ్చిన ఆయన, వందలాది కుక్కలు, కోతులు, మేకలపై ప్రయోగాలు చూశాక లారీ పక్షమే వహించారు. స్థానిక వైద్యులూ, విద్యార్థులూ ఈ కృషిలో పాలుపంచుకున్నారు. లారీ శిష్యురాలు రూపాబాయి ఫర్దూన్‌జీ తర్వాతి కాలంలో ప్రపంచపు తొలి మహిళా మత్తువైద్యుల్లో ఒకరుగా పేరొందారు.

అయినా మరణాలు ఆగలేదు. కారణం 1911లో ఇంగ్లండ్ వైద్యుడు గుడ్‌మన్ లెవీ పిల్లులపై చేసిన ప్రయోగాల్లో బయటపడింది. క్లోరోఫాం అధికంగా అందినప్పుడు కాదు, మత్తు పలచగా ఉన్న వేళలోనే, శరీరంలో అడ్రినలిన్ పెరిగితే గుండె జఠరికలు లయ తప్పి కంపించి హఠాత్తుగా ఆగిపోతాయి. హైదరాబాద్ ప్రయోగాలు ప్రధానంగా మోతాదు పెంచుతూ పోయినవి కావడంతో ఈ ప్రమాదం కంటబడలేదు. భయపడిన రోగి, మత్తు ఇంకా సరిగా పట్టకముందే ఎందుకు మరణించేవాడో కూడా దీనితో తెలిసింది.

శ్వాసను విడవకుండా గమనించాలన్న లారీ బోధన రోగులకు మేలే చేసింది. గుండెకు భయం లేదన్న ఆయన పట్టుదలే పొరపాటైంది. ప్రయోగాలకు కేంద్రమైన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1908 మూసీ వరదల్లో ధ్వంసమైంది. ఆయన బోధించిన పాఠశాల మాత్రం నేటి ఉస్మానియా వైద్య కళాశాలగా కొనసాగుతోంది.