మీకు తెలుసా? తన పుస్తకం మీద తానే పరీక్ష రాసిన కవి

అనంతపురం జిల్లా చియ్యేడులో 1914లో పుట్టిన పుట్టపర్తి నారాయణాచార్యులు విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు, పాఠ్యగ్రంథాల్లో ఒకటి ఆయన రాసిందే! పదిహేనేళ్లు నిండకముందే అల్లిన ‘పెనుగొండ లక్ష్మి’ అది. తన కావ్యం మీద వచ్చిన చిన్న ప్రశ్నకు పేజీలకు పేజీలు రాస్తూ కూర్చుంటే సమయం కాస్తా అయిపోయిందనీ, ఆ ఏడు పరీక్ష తప్పారనీ చెబుతారు. తన పద్యం గురించి రెండు ముక్కల్లో తేల్చెయ్యమంటే ఏ కవికైనా కష్టమే మరి.

ఆ కావ్యానికి ముడిసరుకు ఇంటి గుమ్మంలోనే ఉంది. 1565లో తళ్లికోట దగ్గర ఓడిపోయాక విజయనగర రాజులు రాజధానిని పెనుగొండకే మార్చారు. వాన అరుదైన ఆ రాతినేల మీద కూలిన బురుజుల మధ్య తిరిగిన కుర్రాడికి చరిత్ర వేరే పుస్తకంలో వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. ఇంగ్లీషు సాహిత్యం మాత్రం పెనుగొండలో సబ్‌కలెక్టరు భార్య, పిట్ దొరసాని దగ్గర నేర్చుకున్నారు.

పద్నాలుగు భాషలు తెలిసిన పండితుడిగా పేరు. ‘అభయప్రదానం’ నవల రాశారు. మరాఠీ నుంచి ధర్మానంద కోశాంబి ‘భగవాన్ బుద్ధ’ను తెలుగు చేశారు. ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరాలయంలో పుట్టిన ‘శివతాండవం’ కావ్యం ముందు మిగతావన్నీ మరుగున పడ్డాయి, అన్యాయంగానే. 1972లో పద్మశ్రీ వచ్చింది. 1990 సెప్టెంబరు 1న కన్నుమూశారు.